మానని పుండు – లొంగని సూక్ష్మజీవి

ఉర్దూ భాషలో 'నాసూర్' అను మాట కలదు. ఏండ్ల తరబడి మానక, పైకి ఎండినట్లు కన్పట్టి లోలోపల స్రవించుచుండు పుండునకు ఆ పేరు. తెలుగువారు దానినే మానని పుండు అందురు. రెండు మాటలును వైద్యుని గది దాటి ఇండ్లలోనికి వచ్చి, తీరని పగకును, పాత దుఃఖమునకును ఉపమానములైనవి. రోగి పడు బాధను ఆ మాటలు చక్కగా తెల్పును గాని, పుండు ఏల మానలేదో తెల్పవు. మందు వెంట మందు మార్చినను, సూదిమందు వెంట సూదిమందు వేసినను కొన్ని పుండ్లు లొంగకపోవుటకు కారణమేమి? అట్టి పుండునకు నేటి వైద్యశాస్త్రము చూపగల మార్గములేవి? వానిలో నిరూపితములైనవెన్ని, ఆశలు మాత్రమే అయినవెన్ని? ఈ ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతము.

ఇది వైద్యవిద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయమని మా పాఠకులు భావింపరాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వేక్షణ 2023లో వెలువడినది. దాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. మధుమేహము గలవారిలో నూటికి 19 నుండి 34 మందికి జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు పాదమున పుండు ఏర్పడునని వైద్యుల అంచనా. ఆ పుండ్లలో సుమారు సగమునకు చీము పట్టును. ఆ చీము ఒక మోస్తరుగానో తీవ్రముగానో ముదిరిన వారిలో ఇంచుమించు ఐదుగురికి ఒకరు వ్రేలినో, పాదమునో, కాలినో కోల్పోవుదురు. మన కళాశాలలో ఏ తరగతిగదిలో అడిగినను, ఇంట షుగరు వ్యాధిగ్రస్తులున్నారని చేతులెత్తు విద్యార్థులు పెక్కురు ఉందురు. కనుక ఇది మన ఇంటి సంగతియే.

సూక్ష్మజీవులను చంపు మందులను ఆంటీబయాటిక్‌లందుము. వాని చరిత్రలో తొలి అధ్యాయమే ఒక పుండు కథ. 1928లో లండనునందు అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనిరి. 1941లో ఆక్స్‌ఫర్డ్ నగరమున ముఖమంతయు చీముపట్టి మరణశయ్యపై నున్న ఒక పోలీసు ఉద్యోగికి ఆ మందును ఎక్కించిరి. కొన్ని దినములలోనే జ్వరము తగ్గెను. అతడు ఆహారము తీసికొనసాగెను. అంతలో ఉన్న మందు కాస్త అయిపోయెను. అతని మూత్రము నుండి సైతము పెన్సిలిన్‌ను వడగట్టి తిరిగి ఎక్కించిరి. అదియును చాలక అతడు మరణించెను. నాడు మందు లేక రోగి మరణించెను. నేడు మందుల అంగడి నిండుగా నుండగనే రోగులు మరణించుచున్నారు. ఈ విపరీతమును ఫ్లెమింగ్ ముందుగనే ఊహించిరి. 1945లో నోబెల్ ఉపన్యాసమునందే, చాలీచాలని మోతాదులో మందు వాడినచో సూక్ష్మజీవులు దానిని తట్టుకొను శక్తిని అలవరచుకొనునని ఆయన హెచ్చరించిరి. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, 1948లో అచ్చటినుండి ఆరియోమైసిన్ వెలువడెను. పెన్సిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ కొరకు 1959లో మెథిసిలిన్‌ను తెచ్చిరి. 1961 నాటికే దానికిని లొంగని జాతులను ఇంగ్లండున గుర్తించిరి. తక్కిన మందుల కథయు ఇంచుమించు ఇట్టిదే. అందుచే దానిని ఇచ్చట పెంచము.

రెండు విధములైన మొండితనము

సూక్ష్మజీవి మందునకు లొంగకపోవుటలో రెండు విధములున్నవి. వీనిని వేరుచేసి చూడనిచో చికిత్స యావత్తు తారుమారగును.

మొదటిది జన్యుసంబంధమైనది. కొన్ని బాక్టీరియాలు మందును ముక్కలు చేయు ఎంజైములను తయారుచేసికొనును. కొన్ని తమ గోడలోని ద్వారములను మూసికొనును. కొన్ని లోనికి వచ్చిన మందును తోడి వెలుపలికి పంపును. మరికొన్ని, మందు ఎచ్చట తగులవలెనో ఆ స్థానము రూపునే మార్చుకొనును. ఈ విద్యలను తెల్పు జన్యువులు ప్లాస్మిడ్ అను చిన్న వలయములపై ఉండి, ఒక బాక్టీరియా నుండి మరియొకదానికి, ఒక జాతి నుండి మరియొక జాతికి సైతము చేరును. న్యూఢిల్లీ పేరు గల ఎన్.డి.ఎం.-1 అను ఎంజైము అట్టిదే. భారతదేశమున చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్ళిన ఒక రోగిలో 2008లో దానిని మొదట గుర్తించిరి. ఆ పేరు పెట్టుటపై మన దేశమున అభ్యంతరములు లేచినవి. పేరు మాట ఎట్లున్నను, చివరి ఆయుధములుగా దాచుకొన్న కార్బపెనెమ్ మందులను సైతము అది ఛేదించుట నిజము.

ఈ శక్తి రోగి శరీరములోనే పుట్టవలెనను నియమము లేదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో దాదాపు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలములను శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడు నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందును మ్రింగిన రోగి రక్తములో సైతము అంత ఉండదు. శుద్ధిచేసిన పిమ్మట విడిచిన నీటి సంగతి ఇది! అట్టి నీటిలో బ్రతికి బట్టకట్టు బాక్టీరియాలు ఏ విధమైనవై యుండునో రసాయనశాస్త్ర విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. లోకమునకు మందులు పంపు నగరము ఆ మందులకు లొంగని క్రిములను కూడ పెంచవలసి వచ్చుట మాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.

రెండవ మొండితనము జన్యువులకు సంబంధించినది కాదు, నివాసమునకు సంబంధించినది. మానని పుండు అడుగున బాక్టీరియాలు విడివిడిగా తేలియాడుచుండవు. అవి గుంపులుగా చేరి, తామే స్రవించిన జిగురులో మునిగి, పుండునకు అంటుకొని యుండును. చెరువుగట్టు రాతిపై పట్టు పాచి వంటిది ఈ పొర. దీనిని బయోఫిల్మ్ అందురు. దీనిలోనికి మందు పూర్తిగా చొరబడదు. చొరబడినను, లోపలి బాక్టీరియాలు నిద్రావస్థలో ఉండుటచే వానికి తగులదు. ఏలయన పెక్కు మందులు పెరుగుచున్న కణమునే చంపగలవు. 2008లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో, దీర్ఘకాలపు పుండ్ల నమూనాలు 50 పరీక్షింపగా 30లో ఈ పొర కన్పించినది; కొత్త గాయములు 16 పరీక్షింపగా ఒక్కదానిలోనే కన్పించినది.

దీనినుండి తేలునదేమి? ప్రయోగశాలలో గాజుపళ్ళెముపై ఒక మందునకు చక్కగా లొంగిన బాక్టీరియాయే, పుండులోని తన పాచి ఇంటిలో ఆ మందునకు లొంగకపోవచ్చును. కాగితముపై మందు పనిచేయును, కాలిపై చేయదు. అప్పుడు 'ఈ మందు పనిచేయలేదు, ఇంతకన్న బలమైనది వ్రాయుడు' అని రోగి బంధువులు కోరుదురు, వైద్యుడును వ్రాయును. రెండవ మొండితనమునకు మొదటి మొండితనపు చికిత్స చేయుట యనిన ఇదియే. ఈ క్రమములో, లేని జన్యునిరోధమును సైతము మనమే పుట్టించుకొందుము.

కత్తి, కట్టు, నడక

ఒక ఉదాహరణను ఊహింతము. యాబది ఏండ్ల ఆటో డ్రైవరు ఒకనికి పండ్రెండేండ్లుగా షుగరు ఉన్నది. చెప్పులోని చిన్న మేకు అరికాలికి గ్రుచ్చుకొనెను. నరముల స్పర్శ తగ్గియుండుటచే నొప్పి తెలియలేదు. వారము తరువాత మేజోడుపై మరక చూచి భార్య గుర్తించెను. మందుల దుకాణమువారు ఐదు దినములకు గుళికలిచ్చిరి. పిదప వీధి చివరి వైద్యుడు మరియొక రకము గుళికలను, అటుపిమ్మట సూదిమందును ఇచ్చెను. మూడు మాసములు గడచినవి. పుండు రూపాయిబిళ్ళంత అయినది. ఇప్పుడు చీము పరీక్ష చేయింపగా, నాలుగు మందులకు లొంగని సూడోమోనాస్ అని కాగితము వచ్చినది. ఇతనికి చేయవలసినదేమి?

మొదట ఆ కాగితమును పక్కన పెట్టి పాదమును చూడవలెను. చర్మము తెగిన ప్రతి పుండుపైనను బాక్టీరియాలు ఉండును. పై పైన దూది అద్ది తీసిన నమూనాలో ఏదో ఒక క్రిమి మొలకెత్తకమానదు. క్రిమి ఉన్నంత మాత్రమున చీముపట్టినట్లు కాదు. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, చీము అను లక్షణములలో కనీసము రెండు ఉండవలెను. అవి లేని పుండునకు ఆంటీబయాటిక్ ఇచ్చుట వ్యర్థమని అంతర్జాతీయ మధుమేహపాద వైద్యబృందము 2023 మార్గదర్శకములలో స్పష్టముగ చెప్పినది. లక్షణములున్నచో, పుండును శుభ్రపరచిన పిదప దాని అడుగునుండి చిన్న కణజాల ఖండమును తీసి పరీక్షకు పంపవలెను. మొద్దుకొన గల లోహపు పుల్లతో తట్టి చూచినప్పుడు గట్టిగా ఎముక తగిలినచో, ఎముకకును క్రిమి సోకినదని అనుమానింపవలెను. పాదముపై నాడి కొట్టుకొనుచున్నదో లేదో చూడవలెను. రక్తము చేరని చోటికి రక్తముద్వారా పోవు మందు ఎట్లు చేరును? నాడి అందని కాలికి రక్తనాళమును తెరచు చికిత్స చేయక, విలువైన సూదిమందులు ఎన్ని ఇచ్చినను ఫలము స్వల్పము. రక్తములోని చక్కెరను అదుపు చేయుట సరేసరి.

అటుపిమ్మట కత్తి. చచ్చిన కండను, చుట్టునున్న ఆనెకాయను, జిగురుపొరను రక్తపు చెమ్మ కన్పించువరకు తొలగించుటను డిబ్రైడ్‌మెంట్ అందురు. ఇది నూతనమైన పద్ధతి కాదు. సుశ్రుతుడు వ్రణములకు అరువది ఉపక్రమములు చెప్పెను. వానిలో కోయుట, గీకుట ముఖ్యమైనవి. అండలూసియాలో అల్ జహ్రావీ శస్త్రచికిత్సకై ప్రత్యేకముగ ఒక భాగము వ్రాసి, పరికరముల బొమ్మలు సైతము వేసెను. పూర్వులకు బయోఫిల్మ్ సంగతి తెలియదు గాని, చచ్చినదానిని తీయక బ్రతికినది పెరుగదని తెలియును. నేడు మనము దానికి చేర్చినది కాలపు లెక్క: తొలగించిన జిగురుపొర రెండు మూడు దినములలో తిరిగి గట్టిపడును. ఆ నడిమి గంటలలోనే మందు బాగుగా పనిచేయును. కనుక ఒక్కసారి శుభ్రపరచి వదలివేయక, వారము వారము చూచుచుండవలెను.

మూడవది నడక. దీనిని గూర్చి కొంత విస్తరించి వ్రాయుట అవసరమని మా అభిప్రాయము. ఏలయన సామాన్యముగా అందరును మరచునది ఇదియే. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల పాదములను ఏండ్లకొలది పరిశీలించెను. ఆ కాలమున కుష్ఠువ్యాధియే కండను తినివేయునని, అందుచే వారి పుండ్లు మానవని లోకుల నమ్మకము. బ్రాండ్ దానిని ఒప్పుకొనలేదు. నొప్పి తెలియని పాదముపై, అదే చోట, వేలకొలది అడుగులు పడుటయే పుండునకు కారణమని ఆయన నిరూపించెను. మనకు చిన్న రాయి గ్రుచ్చుకొన్నచో తెలియకుండనే కుంటుదుము. ఆ కుంటుటయే మన పాదమును కాపాడును. నొప్పి తెలియనివాడు కుంటడు. అరికాలి ఒత్తిడిని పాదమంతటికిని పంచు పిండికట్టు వేసినచో, అదే పుండు వారములలో మానినది. అట్టి కట్టును 1930ల దశకముననే సింహళమున మిల్‌రాయ్ పాల్, మన దేశమున జోసెఫ్ ఖాన్ అను వైద్యులు కుష్ఠురోగులకు వాడియుండిరి. 1966లో బ్రాండ్ అమెరికాకు వెళ్ళిన పిమ్మట, అచ్చటి మధుమేహరోగులకు ఈ పద్ధతి వ్యాపించెను. తక్కువ రక్తప్రసారమో, ముదిరిన చీమో ఉన్న కాలికి అది తగదు. తక్కిన అరికాలి పుండ్లకు నేటికిని అంతకు మించిన ఉపాయము లేదు. మన ఆటో డ్రైవరు మూడు మాసములుగ మందులు మ్రింగుచునే బ్రేకు త్రొక్కుచుండెను. ఆ కాలితోనే!

ఇప్పుడు మందు. కణజాల పరీక్ష ఫలితమును బట్టి, ఆ క్రిమికి మాత్రమే తగులు మందును ఎన్నుకొనవలెను. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్‌కు వాంకోమైసిన్, లినెజోలిడ్, డాప్టోమైసిన్ వంటివి కలవు. మన వంటి ఉష్ణదేశములలో పాదపు పుండ్లయందు సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఇ. కోలై వంటి క్రిములు తరచుగ కన్పించును. వాని విషయమే కష్టము. మూత్రపిండములకు హాని చేయునని ఒకప్పుడు పక్కన పెట్టిన కొలిస్టిన్‌ను అటక మీదినుండి దింపవలసిన దుస్థితి వైద్యులకు కలిగెను. సెఫ్టాజిడిమ్–అవిబాక్టమ్ అను కొత్త జంట కూడ ఎన్.డి.ఎం. ఎంజైము గల క్రిమిపై ఒంటరిగా పనిచేయదు. దానికి ఆజ్‌ట్రియోనామ్‌ను తోడు చేయుదురు. ఈ పేర్లను విద్యార్థులు వల్లెవేయవలసిన పని లేదు. ఎన్ని దినములు వాడవలెనను లెక్క మాత్రము గుర్తుంచుకొనదగినది: మెత్తని కండకు మాత్రమే సోకినచో ఒకటి రెండు వారములు, ఎముకకు సోకి, దానిని కోసి తీయనిచో ఆరు వారములు. పుండు పూర్తిగ పూడువరకు మందు వాడవలెనను నమ్మకము తప్పు. మందు పని చీమును అణచుట. పూడ్చుట శరీరము పని.

పుండుపై పూయు వస్తువులు అసంఖ్యాకములు. వెండితో కూడిన లేపనములు కాలిన గాయములకు చిరకాలముగ వాడుకలో ఉన్నవి. సూడోమోనాస్ పచ్చగా పట్టిన పుండును ఒక శాతము అసెటిక్ ఆమ్లముతో కడుగుట చవకైన పద్ధతి. వెనిగర్‌లోని ఆమ్లమే అది. అయినను ఆసుపత్రిలో కొలిచి కలిపినదే వాడవలెను. తేనె విషయమున మన ఇరు సంప్రదాయములకును గౌరవము మెండు. ఆయుర్వేదమున వ్రణములకు తేనెను, నేతిని చెప్పిరి. దివ్యఖురానునందు తేనె జనులకు స్వస్థతగా పేర్కొనబడినది. దాని గాఢత్వము బాక్టీరియాలోని నీటిని లాగివేయును, పులుపు వాని పెరుగుదలను అరికట్టును, నెమ్మదిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ వెలువడును. 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, లోతు లేని కాలిన గాయములు తేనెతో త్వరగా మానునని అంగీకరించి, తక్కిన పుండ్లలో పెక్కింటికి సాక్ష్యము చాలదని చెప్పినది. ఈ పనికి వాడునది గామా కిరణములతో శుద్ధిచేసిన తేనె. పచ్చి తేనెలో హానికరములైన క్రిమిబీజములు ఉండవచ్చును. ఇక కాఫీపొడి, పేస్టు, బొగ్గుమసి వంటివి పుండుపై చల్లు అలవాటును గూర్చి, అవి వైద్యునికి పుండు కనబడకుండ చేయునని చెప్పి ఊరకుందుము.

ఈగ డింభకములతో చికిత్స చేయుదురని విన్నచో కొందరికి అసహ్యము కలుగును. మొదటి ప్రపంచయుద్ధమున, 1917లో, విలియం బేర్ అను అమెరికా వైద్యుడు ఏడు దినములు రణరంగమున పడియున్న ఇద్దరు సైనికులను చూచెను. వారి గాయములనిండ పురుగులే. పురుగులను కడిగివేయగా అడుగున ఎర్రని ఆరోగ్యవంతమైన కండ మెరయుచుండెను. వారికి జ్వరము సైతము లేదు. ఆ దృశ్యమును మరువక ఆయన తరువాత శుద్ధిచేసిన డింభకములతో ఎముక చీమునకు చికిత్స చేసెను. 1931లో ఫలితములు వెలువడినవి. లుసీలియా సెరికాటా అను ఈగ డింభకములు చచ్చిన కండను కరగించి త్రాగును, బ్రతికినదానిని ముట్టవు. అమెరికా ప్రభుత్వము 2004లో దీనిని అనుమతించెను. అయితే 2009లో ప్రకటితమైన ఆంగ్లదేశపు పరీక్షలో, కాలిపుండ్లు గల 267 మందిలో డింభకములు పుండును త్వరగ శుభ్రపరచినవి గాని, త్వరగ మాన్పలేదు; నొప్పి అధికమైనది. మన పల్లెలలో పుండున తమంతట పడు పురుగులు వేరు, ఇవి వేరు అని ప్రత్యేకముగ చెప్పవలెను. అవి బ్రతికిన కండను సైతము తినును.

గంగానీటి నుండి వచ్చిన ఆలోచన

ఔషధములకు లొంగని క్రిములను గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల నేడు వినబడు పేరు ఫేజ్. ఇది బాక్టీరియాలను మాత్రమే పట్టు వైరస్. బాక్టీరియాపై వ్రాలి, తన జన్యుపదార్థమును లోనికి పంపి, లోపల తనవంటివానిని పెక్కింటిని తయారుచేయించి, దానిని పగులగొట్టుకొని వెలుపలికి వచ్చును. మనుష్య కణములను అది ముట్టదు.

దీని కథకు మన దేశముననే బీజము పడినది. ఆగ్రాలో పనిచేసిన ఎర్నెస్ట్ హాన్కిన్ అను ఆంగ్లేయుడు, గంగాయమునల నీటిలో కలరా క్రిములను చంపునదేదో ఉన్నదని, నీటిని మరిగించినచో ఆ శక్తి నశించునని 1896లో వ్రాసెను. అదేమో ఆయనకు తెలియదు. 1915లో లండనున ట్వార్ట్, 1917లో పారిసున ఫెలిక్స్ ద ఎరెల్ ఆ అదృశ్యశక్తిని వేర్వేరుగ గుర్తించిరి. 'బాక్టీరియోఫేజ్' అను పేరు ఎరెల్ పెట్టినదే. ఆయన 1927లో పంజాబునకు వచ్చి కలరా రోగులపై దానిని ప్రయోగించెను. జార్జియాలోని త్బిలిసి నగరమున 1923లో జార్జి ఎలియావా స్థాపించిన సంస్థ నేటికిని ఫేజ్ చికిత్స చేయుచున్నది. స్థాపకుని మాత్రము 1937లో స్టాలిను ప్రభుత్వము కాల్చి చంపెను. పెన్సిలిన్ వచ్చిన పిదప పాశ్చాత్యులు ఫేజ్‌లను మరచిరి. భారతదేశము కూడ మరచినది.

2016లో కాలిఫోర్నియాలో టామ్ పాటర్సన్ అను ఆచార్యుని ఉదంతము లోకమును తిరిగి మేల్కొలిపినది. ఈజిప్టు యాత్రలో ఆయన ఉదరమున అసినెటోబాక్టర్ అను క్రిమి సోకినది. ఏ మందునకును లొంగలేదు. ఆయన స్పృహ కోల్పోయెను. ఆ క్రిమికి సరిపడు ఫేజ్‌లను వెదకి, శుద్ధిచేసి ఇచ్చిరి, ఆయన కోలుకొనెను. అయితే ఒక్క రోగి కోలుకొనుట శాస్త్రమున నిరూపణ కానేరదు. ఫ్రాన్సు, బెల్జియం దేశములలో కాలిన గాయములకు సోకిన సూడోమోనాస్‌పై పండ్రెండు ఫేజ్‌ల మిశ్రమమును 27 మంది రోగులతో కూడిన పరీక్షలో వెండి లేపనముతో పోల్చి చూచిరి. ఫేజ్‌లు వెనుకబడినవి, 2017 జనవరిలో పరీక్షను ఆపివేసిరి. కారణమేమని చూడగా, మిల్లీలీటరునకు పది లక్షలు ఉండవలసిన ఫేజ్‌లు, నిలువయున్న కాలములో క్షీణించి నూరింటి స్థాయికి దిగినవని తేలెను. మందే లేని సీసాతో మందును పరీక్షించిన చందమైనది! ఈ ఓటమిని మేము ఫేజ్‌ల ఓటమిగా గాక, తయారీ ఓటమిగా భావింతుము. కాని తయారీ కుదురనిదే మందు కానేరదను మాటను కూడ కాదనలేము.

మన దేశమున కాశీ హిందూ విశ్వవిద్యాలయ వైద్యులు, ఆరు వారముల చికిత్సకును లొంగని పుండ్లు గల 20 మందికి, వారి వారి క్రిములకు తగిన ఫేజ్‌లను దినము విడచి దినము పుండుపై వేసి, 2019లో ఫలితములు ప్రకటించిరి. మూడు నుండి ఐదు మోతాదులలో క్రిములు కన్పించకపోయెను. 21వ దినము నాటికి ఏడుగురి పుండ్లు పూర్తిగ మానినవి. ఇది మిక్కిలి ఆశాజనకము. పోల్చి చూచుటకు ఫేజ్ ఇవ్వని మరియొక వర్గము ఆ పరిశీలనలో లేదు. కనుక శుభ్రపరచుటచే ఎంత మానెనో, ఫేజ్‌చే ఎంత మానెనో విడదీయలేము. ఒక ఫేజ్ ఒక జాతిలోని కొన్ని క్రిములనే పట్టును. కాబట్టి ప్రతి రోగికిని వెదకి కూర్పవలెను. క్రిమి ఫేజ్‌కు సైతము లొంగకపోవుట నేర్చుకొనును. అయినను, జిగురుపొరను కరగించు ఎంజైములు కొన్ని ఫేజ్‌లకు ఉండుటచే, మానని పుండ్ల విషయమున వానిపై ఆశ పెట్టుకొనుట అసంగతము కాదు.

పైన చెప్పిన 2023 మార్గదర్శకములు మధుమేహపాదమున సోకిన చీమును నయముచేయుటకు వెండి, తేనె, ఫేజ్‌లు మున్నగువానిని వాడవద్దని సూచించినవి. 'నిరూపితము కాలేదు' అనుటకును 'పనిచేయదు' అనుటకును భేదము కలదు. ఆ సూచన మొదటి అర్థముననే అని మేము గ్రహించితిమి. అన్ని దారులు మూసికొన్న రోగికి, నిపుణుల పర్యవేక్షణలో, పరిశోధన నియమములకు లోబడి ఫేజ్‌ను ప్రయత్నించుట ఒకటి. కత్తి, కట్టు, నడక, రక్తప్రసారము అను నాలుగింటిని విడచి నేరుగ దానికై పరుగెత్తుట మరియొకటి.

శస్త్రవైద్యుడు వ్రేలిని తీయవలెనన్నప్పుడు కుటుంబములు నెలల తరబడి వాయిదా వేయుట మనమెరిగినదే. కుళ్ళిన ఒక వ్రేలిని సకాలమున తీయుట పాదమును దక్కించు చికిత్స. ఆలస్యమైనచో మోకాలి దిగువవరకు పోవును. ఈ నిర్ణయమున రోగి ఉపాధి, ఇంటి గడుపుబాటు అన్నియు ఇమిడియుండును. కావున రక్తనాళముల పరీక్ష చేయకుండ కాలు తీయుటకు ఎవ్వరును ఒప్పుకొనరాదు. చేసిన పిమ్మట వ్రేలు తీయుటకు అకారణముగ నిరాకరింపను రాదు.

మా విద్యార్థులలో పెక్కురు దినమునకు ఐదుమారులు వజూ చేయువారు. పాదములను, వ్రేళ్ళ సందులను నీటితో కడుగు ఆ సమయమున, ఇంటిలోని షుగరు గల పెద్దవారి అరికాలిని కూడ చూచినచో, చీలికను, పొక్కును, ఎరుపును తొలిదినముననే గుర్తింపవచ్చును. వ్రేళ్ళ సందులను తడి లేకుండ తుడువవలెను. మసీదు ప్రాంగణమున గాని, ఆలయ ప్రాకారమున గాని ఎండవేళ రాతిపై వట్టి పాదములతో నడచినచో స్పర్శ లేనివారికి కాలిన సంగతియే తెలియదు. హజ్ యాత్రకు వెళ్ళు మధుమేహరోగులకు అట్టి పుండ్లు కలుగుట వైద్యులెరిగినదే. కళాశాల సంఘమువారు వార్షిక ఆరోగ్యశిబిరమున రక్తపు చక్కెర చూచునప్పుడే, స్పర్శను పరీక్షించు నైలాను పోగును కూడ సమకూర్చుట కష్టము కాదు. దాని వెల స్వల్పము. ఒక్కొక్క పాదమునకు పట్టు కాలము రెండు నిమిషములు.

2014 మార్చి నుండి అమలులో ఉన్న హెచ్1 నియమము ప్రకారము, పెక్కు ఆంటీబయాటిక్‌లను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. రోగి పేరును, వైద్యుని పేరును, మందును పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. మానని పుండుతో పెద్దాసుపత్రికి వెళ్ళునప్పుడు, అంతవరకు వాడిన మందుల చీటీలన్నియు, పాత చీము పరీక్ష కాగితములు, ఇటీవలి చక్కెర లెక్కలు, రోగి నిత్యము తొడుగు చెప్పుల జత వెంట తీసికొనిపోవలెను. చెప్పులను చూపుమని వైద్యుడు అడుగకపోయినను చూపవలెను. ఆ పుండు ఏ చోట, ఎట్లు పుట్టినదో తరచుగ వాని అట్టయే చెప్పును.